కింద ఏముంది

తుఫాను వెళ్లిన పదకొండో రోజు
నా కుట్టుమిషను ముందరి కాలు
మేడ నేలలోకి దిగబడింది.
టేకు చెక్కే. అయినా కిటికీ వార
వాన తాగి తాగి
నానిన అటుకుల్లా తయారైంది.
ఏడు జాకెట్లు, గడువు శుక్రవారం.
దావీదు మేస్త్రి ఫోనెత్తడు.
తుఫాను తర్వాత నరసాపురంలో వడ్రంగి అంటే
పుష్కరాల్లో పడవవాడు.

పాలకొల్లు బస్సెక్కాను.

కొట్లో గోడ నిండా రంపాలు, కరెంటువి.
గుండ్రటిది నచ్చింది, పళ్లున్న పళ్లెంలా.
"అదివ్వమ్మా" అన్నాను.
బల్ల వెనక పిల్ల ఎస్తేరు,
చెవి మీద పెన్సిలు, మోచేతి దాకా పొట్టు.
ఇవ్వలేదు.
"చెక్క మందం ఎంతండి?"
తెలీదు.
"మేకులా, మరలా?"
చూడలేదు.
"కింద ఏముందండి?"

పదహారేళ్లుగా ఆ నేల మీద నడుస్తున్నాను.
కింద సత్తిపండు ఉన్నాడు,
అనబోయి మింగేశాను.

ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ అతనికి.
పగలు పడుకుంటాడు.
పగలే నా మిషను.
టకటక నేను, డబ్ డబ్ అతను,
చీపురు కర్రతో కప్పు మీద.
ఇన్నేళ్లూ మా మధ్య నడిచిన మాట అదొక్కటే.

ఎస్తేరు ఒక్కోటీ దించి బల్ల మీద పెట్టింది.
"ఈ గుండ్రటిది తిన్నగా పోద్దండి, పొగరుగా.
లోతు కొలిచి బిగించాలి,
నూలు ఎక్కువైతే దూలం తెగుద్ది.
గోడ దాకా వెళ్లదు, జానెడు ముందే ఆగిపోద్ది.
ఇది జిగ్ సా. మీ కత్తెర లాగే వంపులు తిరుగుద్ది,
కానీ ముక్కు కిందకి దిగుద్ది. వైరు తగిలిందా, అంతే.
ఆ పొడుగుది ఇళ్లు కూల్చేవాళ్లకి. దానివైపు చూడకండి."
చివరిది అరచేతిలో ఇమిడేది.
తిరగదు. వణుకుతుంది.
"నెమ్మది. ఓపిక కావాలండి.
గోడ వార దాకా పోద్ది, ఆపిన చోట ఆగుద్ది."

తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"ముందు కింద చూసి రండి. సరుకెక్కడికీ పోదు."

నాలుగింటికి, అతను లేచే వేళకి,
తలుపు కొట్టాను. చేత్తో.
లోపల కప్పు కింద బకెట్టు.
పైన చెక్క, నల్లగా, మచ్చ పడి.
"అది మూడేళ్ల నాడే నల్లబడిందండి."
"చెప్పొచ్చుగా?"
"చెప్పానుగా" అన్నాడు,
మూలనున్న చీపురు కర్ర చూపించి.

ఎన్ని డబ్ డబ్‌లు నిద్ర కోసం,
ఎన్ని నా కాళ్ల కోసం?
నేను అన్నిటికీ ఒకే జవాబిచ్చాను,
ఇంకాస్త గట్టిగా తొక్కి.

ఆ కప్పు అతనికి కంఠతా వచ్చు,
పడుకుని పడుకుని చదివాడు.
కింద నించి కొడుతూ వచ్చాడు.
ఇక్కడ దూలం. డబ్.
ఇక్కడ బోలు. డబ్ డబ్.
ఇదుగో వైరు, ఇటు పోకండి.
పైన నేను కుట్టు సుద్దతో గీస్తూ పోయాను,
జాకెట్టు ముక్కకి గీసినట్టు.
పడ్డ కన్నంలో స్కేలు పెడితే
అంగుళానికి నూలు తక్కువ.

గురువారం. మెయిన్ ఆపి వైరు పక్కకి కట్టాడు, మళ్లీ వేశాడు.
మంచం మీద ఐసు గోనెలు పరిచాడు.
చిన్న రంపం చేతిలో తేనెటీగలా వణికింది.
దూలం నడిమికి కోశాను, కొత్త చెక్కకి ఆసరా ఉండాలని.
మూడు మేకుల తలలు చిట్లాయి, ఒక బ్లేడు పోయింది.
మణికట్టు రెండు రోజులు నాది కాదు.

చెక్క లేపితే
కింద మంచం, మూత లేని క్యారేజీ,
మసి పట్టిన క్యాలెండరు,
పైకి చూస్తున్న మనిషి, కనుబొమల నిండా పొట్టు.
"మీ ఇల్లు ఇంత ఎత్తా?" అన్నాడు.
అతని ఇల్లు ఎంత చీకటో నేను అనలేదు.

రెండు జాకెట్లు ఆలస్యమయ్యాయి, తిట్లు తిన్నాను.
మిషను కాళ్ల కింద
పాత హవాయి చెప్పు కోసి పెట్టాను.

సోమవారం తొక్కడం మొదలెట్టగానే
కింద నించి డబ్ డబ్.
ఆపి, మెట్లు దిగి వెళ్లాను,
ఇది ఏ రకందో అడుగుదామని.