ఎనభై నాలుగు సెంట్లు

మొదటి పంటు దిగి నేరుగా నా కౌంటర్‌కే వచ్చింది
గెడ్డం మార్తమ్మ.
చేపల సంచిలో పాలిథిన్ కవరు, కవరులో ఇంకో కవరు,
దాన్లో తడవని ఒకే ఒక్క కాగితం.

"మా లంకలో నాది ఏపాటి మిగిలిందో
ఆ పెట్టెనడిగి చెప్పు బాబూ."

సర్వే నంబరు కొట్టాను.
చక్రం తిరిగింది, తిరిగింది,
కరెంటు పోయి వచ్చింది, మళ్ళీ తిరిగింది.
తెర మీద తేలింది భూమి:
ఎనభై నాలుగు సెంట్లు. సాగుదారు గెడ్డం ప్రకాశం.
పంట కంద. నీటి వసతి బోరు.

ప్రకాశం పోయి ఆరేళ్ళు.
బోరు ముందటేడు వరదకి పోయింది, గొట్టంతో సహా.
కంద దుంపలు ఒక్కొక్కటే జారి
నీళ్ళలో పడ్డ చప్పుడు ఆమెకింకా గుర్తే.
ఆ చప్పుడు విన్న గట్టు కూడా తర్వాత లేదు.

ఆఫీసులో అన్నారట:
భూమి ఉన్నట్టే ఉంది కదమ్మా, పరిహారం దేనికి?

అందుకే పెట్టాం అర్జీ, సమాచార హక్కు కింద.
తెల్లకార్డు జిరాక్సు జతచేసి, పది రూపాయలు మిగుల్చుకుని,
ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను:
మూడు వరదల్లో ఏరు ఎంత తిన్నాది?
కొలిచినోరెవరు? ఆ కాయితం సూపించండి.

ఇరవై తొమ్మిదో రోజున జవాబు:
మీరు కోరిన సమాచారం వెబ్‌సైటు నందు కలదు.

వెబ్‌సైటు ఓటీపీ అడిగింది.
ఓటీపీ ప్రకాశం నంబరుకి వెళ్ళింది.
ఆ నంబరిప్పుడు పలాసలో ఓ జీడిపప్పు బట్టీ కుర్రాడిది.
నా ఫోన్లోంచి చేస్తే ఎత్తాడు, పాపం,
ఓపిగ్గా అంకె అంకె చదివాడు.
ఆఖరి అంకె దగ్గర గడువు తీరిపోయింది.
"మళ్ళీ పంపించమనండి పిన్నీ, లైన్లోనే ఉంటాను."
ఆ వేళ ఆమెకు బదులు పలికిన మనిషి అతనొక్కడే.

సర్వర్ పడుకుంది.
మార్తమ్మ రేవు స్తంభం కేసి చూస్తూ కూచుంది.
తెల్లరంగు మీద నల్లగీతలు, అడుగుకొకటి.
"నాకు అచ్చరం రాదు.
ఆ గీత మునిగితే మేకల్ని గట్టెక్కిస్తాను,
పై గీత మునిగితే పిల్లల్ని.
దాన్ని ఎవుడూ దాచలేడు."
కాసేపాగి, "అదీ రంగెలిసిపోతన్నాది" అంది.

నేనేమీ అనలేదు.
నా కమీషను కూడా ఈ తెర మీంచే రావాలి.

వెళ్తూ ఆ అడంగల్ మూడు ప్రింట్లు తీయించుకుంది.
తప్పుల కాగితం కదమ్మా, అన్నాను.
"ఆయ్. అబద్ధానికీ సాచ్చికం ఉండాలి కదా."
ఒకటి కవర్లోకి. ఒకటి సోమవారం కలెక్టరాఫీసుకి.
మూడోది నా అద్దం తలుపుకి తనే అంటించింది,
టిఫిను డబ్బాలో అన్నం మెతుకుతో.
"దీని కింద రాయి:
ఈ పొలం ఎక్కడన్నా కనపడితే చెప్పండి."

ఆరు దాటాక సర్వర్ లేచింది.
ఆఖరి పంటు నడి ఏట్లో ఉంది.
ఊరికే, మళ్ళీ పంపు అన్నచోట నొక్కాను.

నిమిషంలో పలాస నుంచి ఫోను:
"అన్నా, నంబరొచ్చింది. రాసుకుంటారా?"