ఇంటికా, పనికా

వల్పరైసో దిగువ బజారులో మా కొట్టు.
పైన కొండ, కింద రేవు,
మధ్యలో నేనూ, అద్దాల బల్ల మీద
నోళ్ళు తెరుచుకున్న పదకొండు ల్యాప్‌టాపులూ.

వచ్చినవాళ్ళని మొదట అడగాల్సిన ప్రశ్న
యజమాని అట్టముక్క మీద రాసిచ్చాడు:
ఇంటికా, పనికా?
ఇంటికంటే హోమ్. పనికంటే ప్రొఫెషనల్.
రెండోది అమ్మిన నెల
నా జీతంలో ఉప్పు కాస్త ఎక్కువ పడుతుంది.

మార్చిలో ఒక మధ్యాహ్నం ఎడెల్మీరా వచ్చింది.
అరవై దాటి ఉంటాయి,
మెట్లు దిగిన ఆయాసం ఇంకా తీరలేదు.
అడిగాను.
"ఇంట్లో పనికి" అంది.

అట్టముక్కలో ఆ జవాబు లేదు.

తేడా చెప్పమంది. గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను:
హోమ్‌లోంచి మీరు దూరాన ఉన్న యంత్రంలోకి వెళ్ళొచ్చు,
మీ యంత్రంలోకి మాత్రం అలా ఎవరూ రాలేరు,
ప్రొఫెషనల్ అయితే ఆఫీసు నెట్‌వర్క్‌లో కలుస్తుంది,
డిస్కు మొత్తానికి గట్టి తాళం వేసుకోవచ్చు.
"అంటే ఆఫీసుకి పెద్ద తాళం, ఇంటికి చిన్న తాళమా?
ఈ లెక్క కట్టినవాడికి మా కొండ మీద ఇల్లు లేదు" అంది.

చూపులేని పిల్లల బడికి
పాఠ్యపుస్తకాల్ని చుక్కల్లోకి మారుస్తుందట,
ముప్పై ఒక్కేళ్ళుగా.
బ్రెయిలీ ప్రింటరు భోజనాల బల్ల మీదే.
రేకుల మీద వడగళ్ళు పడ్డంత చప్పుడు.
రాత్రిళ్ళు దానికి రెండు దుప్పట్లు కప్పి
పక్కింటి జాలరి నిద్ర చెడకుండా
భూగోళం అచ్చువేస్తుంది.
ఒక చివర ఉల్లిపాయలు,
ఒక చివర ఆఫ్రికా నదులు.

తేడా డెబ్భై వేల పెసోలు.
దానికి ఎన్ని దళసరి కాగితాలొస్తాయో
పెదాలతో లెక్కేసుకుంటోంది.
హోమ్ చాలండీ, అన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.
ఆ నెల జీతం చప్పగానే వచ్చింది.

జూలైలో ఫోను.
బడివాళ్ళ ఉత్తరం: ఇకమీదట యంత్రాలన్నీ
బడి నెట్‌వర్క్‌లో చేరాలి.
హోమ్ చేరదు.
"చాలన్నావుగా అబ్బాయ్" అంది, కోపం లేకుండానే.

కొట్టు కట్టేసి కొండబండి ఎక్కాను.
ఒక పెట్టె పైకి పోతుంటే ఇంకోటి దిగుతుంది,
నడిమధ్యలో ఒక్క క్షణం కిటికీలు ఎదురుపడతాయి.
అవతల పెట్టెలో ఎవరో ముసలాయన
తడిసిన కుక్కని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

పాతికక్షరాల తాళంచెవి కొట్టాను.
యంత్రం ఆరింది, వెలిగింది. అంతే.
"కొత్తగా ఏం వచ్చింది?"
"ఏమీ రాలేదండీ. అంతా మొదట్నించీ లోపలే ఉంది,
తలుపు తీశామంతే."

తరుగుతున్న కత్తి ఆగింది.
"లోపలే ఉందా," అంది,
"ఉండి, డబ్బు కట్టేదాకా గమ్మునుందా."
తిట్టిందో, మెచ్చుకుందో
నాకు అంతుపట్టలేదు.
వానరోజు కదా, గుమ్మడి సోపాయిపియాలు
వేయించి పెట్టింది. నాలుగు తిన్నాను.

నెట్‌వర్క్‌లో చేరేముందు యంత్రానికో పేరుండాలి.
ఏం పెట్టమంటారు?
చేతులు నూనెవి,
మోచేత్తో చుట్టూ చూపించింది:
"ఎక్కడున్నావో అదే రాయి."

ఆ బడిలో నెట్‌వర్క్ చూసే కుర్రాడు
మొన్న కొట్టుకొచ్చి చెప్పి నవ్వాడు.
జాబితాలో లెక్కలు-ఒకటి, లెక్కలు-రెండు,
ప్రిన్సిపాలు, గ్రంథాలయం,
వాటి కింద వంటిల్లు.
రాత్రి పదకొండింటికి మిగతావన్నీ ఆరిపోయి ఉంటాయట.

పద్ధతిగా లేదు, పేరు మార్చమని
ఆఫీసు ఆమెకి ఉత్తరం పంపింది.
చుక్కల్లో రాసి పంపితే
చదువుతానందట.