పన్నెండు మీద ఒకటి

గుణుపురం, రెండో ఆదివారం, వాన.
రావలసినవాళ్లు ఇరవైమంది, వచ్చింది తొమ్మిది.
నౌపడ రైలు ఆలస్యమై
కోశాధికారి బెవర సన్యాసప్పడు పదకొండున్నరకి దిగాడు
ఒక చేత గొడుగు, ఒక చేత సంఘం డబ్బా.
నిల్వ పదమూడు వందల నలభై.
అందులో చిరిగిన యాభై ఒకటి
నాలుగు నెలలుగా లెక్కలో ఉంది
చెల్లుబాటులో లేదు.

అజెండాలో మొదటిది తెలుగు బడి.
ఎనిమిదిలో ఏడుగురు మిగిలారు.
రెండు జట్లు చేసినా, మూడు జట్లు చేసినా
ఒక పిల్ల విడిగా నిలబడుతోందట.
వినతిపత్రం రాయాలని తీర్మానించాం.
కిందటిసారీ ఇదే తీర్మానించాం.

రెండోది గణిత మేళా బ్యానరు.
ఒడియా పైన ఉండాలని బిదుప్రభా పాఢి మేడమ్,
తెలుగు పైన ఉండాలని సన్యాసప్పడు.
గంట గడిచాక
అక్షరాలే వద్దు, ఒట్టి అంకెలు వేద్దామన్నారు.
ఏ అంకెలు? అని ఎవరో అడిగారు.
ఈలోగా బరా, ఘుగుని వచ్చాయి.

మూడోది అజెండాలో లేదు.

పుట్టాసింగి నుంచి ఇసాకు రయితా మాస్టారు
అన్న కూతుర్ని వెంట తెచ్చాడు, సుబాసి, నాలుగో తరగతి.
తడి గౌనుతో గోడవార కూర్చుని
మేళా కోసం తెచ్చిన చింతపిక్కలు లెక్కపెడుతోంది,
గెల్జి, గెల్ముయ్, మిగ్గెల్.
పన్నెండూ కుప్పగా పక్కకి జరిపి
ఇంకోటి తీసి దాని పక్కన పెట్టి
మిగ్గెల్-బొయ్ అంది.

"పది దగ్గర ఆగాలమ్మా" అన్నాను.
ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు, నోరు దానంతటదే అంటుంది.

పిల్ల చెయ్యి పిక్కల మీదే ఉండిపోయింది.
ఇసాకు మాస్టారు గ్లాసు కింద పెట్టాడు.
"మాది పన్నెండు కాడ ఆగుతాది సార్.
పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు,
అలాగ పంతొమ్మిది దాకా.
అక్కడ ఇరవై కడతాం.
ముప్పైరెండంటే మాకు ఇరవైన్నీ, పన్నెండూ."
పదహారేళ్లుగా సభ్యుడు. ఎప్పుడూ చెప్పలేదేం అన్నాను.
"మీరెప్పుడూ మార్కులే అడిగినారు."

ఫ్యాను తిరగటం వినపడింది.

మా అమ్మ సంతలో వంకాయలు పుంజీల్లెక్కన అమ్మేది.
పుంజీ అంటే నాలుగు.
బడిలో ఆ మాటన్నందుకు నా చెవి మెలిపెట్టారు.
మెలిపెట్టిన చెయ్యి ఎవరిదో గుర్తుంది,
తర్వాత అది నా చెయ్యి ఎప్పుడయిందో గుర్తులేదు.

అప్పుడు నేను సర్కారు బడిలో ఆరో తరగతికి చెప్పేవాణ్ణి.
ముప్పైరెండు రాయమంటే
పలక మీద ఇరవై వేసి, ఆ పక్కనే పన్నెండు వేశాడు ఒక కుర్రాడు.
2012.
క్లాసంతా నవ్వింది, నేను ముందు నవ్వాను.
సున్నా చుట్టి చేతికిచ్చాను.
దసరా సెలవుల తర్వాత రాలేదు.
పేరెంత తవ్వినా రావటం లేదు.
హాజరుపట్టీలో ముప్పైనాలుగో నంబరు.

చివర్లో గదిలో తలలు లెక్కపెట్టాను.
మేం తొమ్మిదిమంది, పాఢి మేడమ్ పిల్లలిద్దరు,
టీ తెచ్చిన దినూ, సుబాసి.
మినిట్స్‌లో హాజరు కొట్టేసి
మిగ్గెల్-బొయ్ అని రాశాను.
ఆడిట్ వాళ్లు ఒప్పుకోరన్నాడు సన్యాసప్పడు.
చిరిగిన యాభైని ఒప్పుకున్నారుగా అన్నాను.

ఒంటిగంటకి సభ ముగిసింది.
వంశధార వంతెన మీద వాన ఇంకా పడుతోంది.
సైకిలు నడిపించుకుంటూ
ఇసాకు మాస్టారు నేర్పినట్టు కూడుకున్నాను,
బొకుడి, ఇరవై.
మిగ్గెల్, పన్నెండు.
ఇంకో రెండు.
మొత్తం ముప్పైనాలుగు.
పిలిస్తే ఎవరూ "హాజర్ సార్" అనలేదు.