పక్కింటి దీపం

ఈ ఊళ్లో జూన్‌కి రాత్రి ఉండదు.
పదకొండింటికి కూడా ఫ్యోర్డ్ మీద పల్చటి మజ్జిగ వెలుగు.
ఆ వెలుగులోనే కత్తెర కడిగాను
ఆరువందల పన్నెండో చేపకి.

మత్తునీళ్లలో పక్కకి ఒరిగిన సాల్మన్
కన్ను మూయదు, దానికి రెప్పల్లేవు.
రెక్క కొసన గోరంత ముక్క,
గోరులో సగమంత,
సీసాలో వేసి, అంకె అంటించి
చేపని మళ్లీ నీళ్లకిచ్చేస్తాను.
ఊరు దాటేది ఆ ముక్క ఒక్కటే.

"అంత చిన్నదాన్లో ఏం రాసుంటుంది, సున్నివా?"
అడుగుతాడు ఐలెర్ట్, ఏటా ఇదే మాట.

రోగాన్ని నిలవరించే జన్యువు మాకింకా కనబడలేదు.
కనబడింది దాని పక్కిల్లు.
తపాలా ఆయన్నడిగితే చెబుతాడు చూడు,
"వాళ్ల గుమ్మం చీకట్లో తెలీదమ్మా,
పక్కింట్లో దీపం వెలుగుతుంటుంది, అదే గుర్తు" అని,
అలాంటిది.
తరాలు మారితే ఎవరో ఒకరు ఇల్లు ఖాళీ చెయ్యొచ్చు.
దీపం ఉండి, మనిషి లేకపోవచ్చు.
అయినా ఇప్పటికి అదే దారి.

ఐలెర్ట్‌కి గుర్తులక్కర్లేదు.
ఆ ఏడు అతను చూశాడు:
మొదటి మేత మింగిన పిల్లలు
నల్లబడి, పొట్టలుబ్బి,
తమ చుట్టూ తామే బొంగరాల్లా తిరిగి
తొట్టి అడుగున పేరుకోవడం.
పొద్దున ఏడు బకెట్లు. మర్నాడు పదకొండు.
మూడోరోజు లెక్క మానేశాడు.
బకెట్ పిడి ఒరిసిన చోటు
ఇప్పటికీ అరచేతిలో తడుముకుంటాడు,
వేరే ఏదో మాట్లాడుతూ.

ఆగస్టులో కాగితాలొచ్చాయి.
రెండు దీపాలున్నవి, ఒక్కటే ఉన్నవి, అసలు లేనివి.
నాలుగో తొట్టిలో ఐలెర్ట్ గారాబం చేసే ఆడచేప,
వెండి పళ్లెంలాంటిది, చేతిలోంచే మేత లాక్కునేది,
"కాగితాలెందుకు, తల్లంటే ఇదీ" అనిపించుకున్నది,
ఆరువందల పన్నెండు.
దాని వరసలో చీకటి.

"రేపు ఇంకో రోగమొస్తే?
దానికి ఇదే తట్టుకునేదేమో?" అన్నాడు.
నా దగ్గర కాగితం ఉంది, జవాబు లేదు.
చేతులు కడుక్కున్నాడు.
చాలాసేపు కడుక్కున్నాడు.

ఎంచిన తల్లుల పిల్లలు
వసంతానికి మేతకొచ్చాయి.
వైరస్ కూడా వచ్చింది, పాత తొట్లు వెతుక్కుంటూ.
పొద్దున్నే బకెట్ పట్టుకెళ్లాను.
అడుగున పదమూడు.
మర్నాడు తొమ్మిది.
ఐలెర్ట్ మోకాళ్ల మీద వంగి
ఒక్కోదాన్నీ వేలితో పక్కకి జరుపుతూ
ఈసారి లెక్క పూర్తిచేశాడు.
మిగతావి పైన మేత కోసం తోసుకుంటున్నాయి.

సాయంత్రం నా బల్ల మీద
నూనెకాగితంలో చుట్టిన పొట్లం.
జునిపర్ పొగ వాసన, ఎప్పుడో చలికాలంలో పెట్టింది.
చీటీ లేదు, అంకె లేదు.
ఏ చేపో నేనడగలేదు.
ఉప్పు కాస్త ఎక్కువైంది.