మగవాళ్ళకి మాత్రమే

మార్గశిరం రాగానే
బీరువాలో లుంగీల కింద దాచిన సీసాలు
ఒక్కొక్కటే బయటకి తీస్తాను.

ఎండల్లో వీటి మూత తియ్యకూడదు.
ఓసారి మే నెలలో పూసుకున్నాను.
ఆమదాలవలస చేరేలోపు
ముందు సీటు ముసలాయన
కిటికీలోంచి కక్కేశాడు.
కండక్టరు చిట్టిబొబ్బయ్య వారం రోజులు నన్ను
అగరొత్తుల డ్రైవరని పిలిచాడు.

చలికైతే లెక్క వేరు.
తెల్లారగట్ల నాలుగున్నర, శ్రీకాకుళం కాంప్లెక్సు.
కళింగపట్నం ఫస్టు బస్సు ఇంజిను
దగ్గి దగ్గి లేస్తుంది.
నాగావళి మీంచొచ్చిన మంచు
అద్దానికి మీగడలా పట్టేస్తుంది.
అప్పుడు ఖాకీ చొక్కా కాలరు కింద
ఒక్క చుక్క.
ఒంటి వేడికి అది మెల్లగా నిద్రలేస్తుంది,
నాకంటే కాస్త ఆలస్యంగా.

ఏడు రోడ్ల జంక్షన్లో జిలానీ దగ్గర కొంటాను.
దుబాయి నుంచొచ్చినవాళ్ళు సగం వాడి అమ్మేసినవి.
ఎవరి మెడల మీద అయిపోయిందో ఆ పై సగం,
అడగను.

దాల్చినచెక్కది మొదట పది నిమిషాలు
పెళ్ళిలో బిర్యానీ డేగిసా మూత తీసినట్టుంటుంది.
ఊరికే ఆకలేస్తుంది.
సింగుపురం దాటేసరికి
బెల్లం పాకం అంచున మాడిన వాసన.
నాకు ఆ మాడే ఇష్టం.

లవంగం సీసాని నమ్మను.
పన్ను పీకించుకున్న రోజు,
నోట్లో డాక్టరు వేలు.

శొంఠీ మిరియమూ కలిసిందొకటుంది.
అది డ్యూటీకి పనికిరాదు.
జ్వరమొచ్చిన రాత్రి కషాయం గ్లాసు అది,
నుదుటి మీద ఎవరిదో చెయ్యి.
సెలవు రోజు, తలుపేసుకుని, పూసుకుంటాను.

ఊదు గురించి జిలానీ చాలా చెబుతాడు.
రాజులన్నాడు, గుర్రాలన్నాడు.
నాకు మాత్రం
తిరగేసిన పడవ అడుగున
కొత్తగా పూసిన తారు కనిపించింది.
చెబితే నొచ్చుకున్నాడు.

పోయిన పుష్యంలో
గోధుమరంగు సీసా ఒకటి చేతిలో పెట్టాడు.
డబ్బా మీద బొమ్మ:
గడ్డపాయన, తోలు కుర్చీ, పక్కన నిప్పు.
కింద బంగారు అక్షరాల్లో, మగవాళ్ళకి మాత్రమే.
"పొగాకు భాయ్, అసలు మగాడి వాసన" అన్నాడు.

మణికట్టు మీద కొట్టుకుని
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

మా మేనత్త ఎర్రెమ్మ.

ఇసకలో గొంతుక్కూచుని,
పడవలింకా రాలేదు,
చుట్ట వెలిగించి
నిప్పు కొస నోట్లోకి తిప్పుకుని
పెదాలు మూసేసింది.
ముక్కులోంచి సన్నగా పొగ.
"నిప్పు లోనుంటే సలేటి సేస్తాదిరా గుంటడా" అని
నన్ను కొంగులోకి లాక్కుంది.
కొంగులో ఎండుచేప, ఉప్పు, కొబ్బరినూనె,
అన్నిటి మీదా తీపిగా, ఘాటుగా,
ఆ అడ్డపొగ.

ఆ నిప్పే ఆమె అంగిలి తినేసింది, తెలుసు.
పెద్దాసుపత్రి వార్డులో
ఫినాయిలు వాసనకి మొహం తిప్పుకుని
చేత్తో సైగ చేసింది, ఒక్క చుట్ట అని.
నేను ఇవ్వలేదు.
ఇవ్వకపోవడమే మంచిదంటారు అందరూ.

పదిహేను వందలు. బేరమాడలేదు.
జిలానీకి అనుమానమొచ్చింది.

మొన్న గారలో
ఖాళీ తట్టలతో ఎక్కారు ఆడవాళ్ళు.
ఒకామె నా సీటు వెనక నిలబడి
గాలిని రెండుసార్లు పీల్చింది.
"డ్రైవరు బావూ, ఎవులు కాల్సినారు సుట్ట?"
పొగ తాగరాదు అన్న బోర్డు
నా తల మీదే ఉంది.
ఎవరూ లేదన్నాను.
"నేదు, ఉంది. మంచి పొగాకు" అని
వెనక సీట్లు ఖాళీగా ఉన్నా
ఇంజిను బానెట్ మీదే కూచుంది,
కళింగపట్నం దాకా.

ధర చెప్పలేదు.
చెప్పుంటే
దారిలోనే దిగిపోయేది.