నూటపాతికో వంతు

దొనకొండ రన్‌వే మీద
తొమ్మిదింటికే ఎండ కాలు మోపనివ్వడం లేదు.
కాంక్రీటు పగుళ్ళలోని చిల్లచెట్లు కొట్టేసి
నిన్ననే సున్నంతో గీత గీశారు.
గీతకు ఇవతల నేను,
అద్దెకు తెచ్చిన పొడుగాటి లెన్సు,
ముప్పైమంది బడిపిల్లలు, ఒక అంబులెన్సు,
మేకల్ని ఎటు మళ్ళించాలో తెలీని ఓబులమ్మ.

నేను పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ని.
కురిచేడు రోడ్డులో దస్తగిరి స్టూడియో నాదే.
తలంబ్రాలు గాల్లో ఉండగా పట్టుకోవడం నాకొచ్చు.
గింజ గింజా విడివిడిగా ఆగిపోవాలంటే
షట్టర్ని వెయ్యికి పెట్టు, కొట్టు, అంతే.
ఆ ధైర్యంతోనే వచ్చాను.

ముందు చప్పుడు వచ్చింది.
జెట్టులా ఆకాశాన్ని గుడ్డ చింపినట్టు కాదు,
ఎవరి చేలోనో తెల్లారుజామున
ఆయిలింజను అందుకున్నట్టు
దగ్గి, తడబడి, కుదురుకుని.
"యాడన్నా నీళ్ళు పెడతన్నారా?" అంది ఓబులమ్మ.

ఎనభై ఏళ్ళ కిందటి యుద్ధానిదట.
ఏదో షెడ్డులో రెక్కలూడి
కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నదాన్ని
ఆరేళ్ళు విప్పి, తోమి, బిగించి
బెంగుళూరు మెకానిక్కులు మళ్ళీ లేపారట.
మార్కాపురం పలకలాంటి ఆకాశం మీంచి జారి
తాటిచెట్టంత ఎత్తున
నా ముందునుంచే పోయింది.

వెయ్యికి కొట్టాను.
తెరమీద చూసుకుంటే
ప్రతి రివెట్టూ ఉంది, పైలట్ మీసం కూడా ఉంది.
ప్రొపెల్లరు మాత్రం
మూడు రేకులుగా ఆగిపోయి ఉంది.
అది ఎగరడం లేదు.
దారానికి వేలాడదీసిన తిరనాళ్ళ బొమ్మ.
ఆరేళ్ళు కష్టపడి లేపినదాన్ని
ఒక్క వేలితో చంపేశాను.

రెండోసారి, ఐదొందలు.
రేకుల అంచులు కాస్త నలిగాయి గానీ
ఇంకా బొమ్మే.

"మా యమ్మ మోసిందంట దీనికి కంకర."
ఓబులమ్మ నాకు కాదు, చంకలోని మేకపిల్లకు చెబుతోంది.
"తట్టకో గవ్వ లెక్క. నేను కడుపులో ఉండా.
ఇమానం దిగేది ఒక్కటీ సూళ్ళేదంట.
నెత్తిన తట్ట ఉంటే తలెత్తేదెట్టా?"

మూడోసారికి నూటపాతిక పెట్టాను.
ఇక కెమెరా పని అయిపోయింది, మిగతాది నడుము పని.
కాళ్ళు పాతేసి, మోచేతులు డొక్కలకు బిగించి,
ఊపిరి సగంలో ఆపి
దాంతోపాటు తిరగాలి.
బండలాగుడు పోటీలో గిత్తల పక్కన పరిగెత్తేవాడిలా
ముందుకు పోకూడదు, వెనకబడకూడదు.
నొక్కేశాక కూడా
తిరుగుతూనే ఉండాలి.

ముప్పైనాలుగింట్లో ముప్పైమూడు పోయాయి.
తోక తెగినవి, ముక్కు వణికినవి,
ఒకదాన్లో ఉత్త ఆకాశం,
ఒకదాన్లో ఎవరి పిల్లాడిదో చెయ్యి.
ఒక్కటి మిగిలింది.
రెక్క చివర కొంచెం చెదిరింది.
వెనక చిల్లచెట్లు గీతలై పారిపోతున్నాయి.
ముక్కు దగ్గర రేకులు లేవు,
అవతలి ఆకాశం కనిపించేంత
పల్చటి వలయం.

ఓబులమ్మకు చూపించాను.
తెరకు కొంగు నీడపట్టి చాలాసేపు చూసింది.
రెక్కల్ని గురించి అడగలేదు, పైలట్ని గురించీ అడగలేదు.
వలయం మీద వేలు పెట్టి
"తిరగతానే ఉండాది గదా," అంది.

అప్పటికి పైన ఏమీ లేదు.
కాస్త పొగవాసన.
మేకలు రన్‌వే ఎక్కి
సున్నం గీతని నాకుతున్నాయి.