యాభై మీటర్లు

నిబంధనల పుస్తకం నలభై పేజీలు.
నాకు గుర్తున్నది ఒక్కటే:
నలుగురూ యాభై మీటర్ల లోపే ఉండాలి.
ఒకరు ఆగితే నలుగురూ ఆగినట్టే,
ఒకరు మానుకుంటే నలుగురూ లేనట్టే.

మ్యాప్ నా మెడలో.
యెర్కో వీపున తాడు, రొసామెల్ దగ్గర పొయ్యి,
మందుల పెట్టె ఎలియానాది.
పుంతా అరేనాస్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీల నర్సు,
నిద్ర లేకపోవడం తనకి జీతమిచ్చే పని.
రొసామెల్ గొర్రెల ఉన్ని కత్తిరిస్తాడు,
రోజుకి నూట ఎనభై.
నడుం వంచడం అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు.

మొదటి రోజు మాటలెక్కువ.
కయాక్‌లో జోకులు,
వెనకబడ్డ ఫ్రెంచి జట్టు మీద నవ్వులు.
రెండో రోజు సైకిళ్ళు మమ్మల్ని మోయలేదు,
మేమే సైకిళ్ళని మోశాం,
మోకాలి లోతు బురదలో, పద్నాలుగు గంటలు.
ఫ్రెంచి జట్టు మమ్మల్ని దాటిపోయింది, నవ్వకుండా.

మూడో రాత్రి బండరాళ్ళకి కళ్ళొచ్చాయి.
లెంగా చెట్ల కింద మా అత్త
కుర్చీ వేసుకుని ఊలు అల్లుతోంది.
పలకరించాను కూడా.
"ఎవరితో?" అన్నాడు యెర్కో.
"నీకు కనబడటం లేదా?"
"నాకు బస్సు కనబడుతోంది.
ఎక్కుదామా వద్దా అని చూస్తున్నా."

నాలుగో రోజు పొగమంచు.
నానిన దుప్పటి ముఖాన వేసినట్టు.
నేను కుడి లోయ అన్నాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.
ఇప్పటికీ గుచ్చుకునేది అదే.
మూడు గంటలు నా మాట వెనకే నడిచారు.

అప్పుడు సీసా నింపుకోవడానికి వంగాను.
నీళ్ళు తేటగా ఉన్నాయి.
అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు.
మ్యాప్‌లో ఈ ఏరు హిమానీనదం కడుపులోంచి వస్తుంది,
బియ్యం కడిగిన నీళ్ళలా ఉండాలి,
రాతిపిండి కలిసి, తెల్లగా, చిక్కగా.
అంత అందమైన నీళ్ళని చూసి
అంతగా ఎప్పుడూ భయపడలేదు.

"ఇది మన ఏరు కాదు."

కాసేపు గాలి ఒక్కటే మాట్లాడింది.
యెర్కో తిట్టాడు, నన్ను కాదు, తన బూటు లేసుని,
దాని తల్లినీ, దాని తల్లి తల్లినీ.
ఎలియానా నా చేతి తొడుగు లాగి వేళ్ళు చూసింది.
"కదుపు," అంది. "ఇంకోసారి."
రొసామెల్ నా సంచిలోంచి టెంటు తీసి
తన సంచిలో కుక్కుకున్నాడు.
తాడు కొస నా నడుముకి కట్టాడు,
గొర్రెని పట్టుకున్నంత మామూలుగా.
"నువ్వు దారి చూడు. నడక సంగతి నాకొదిలెయ్."

వచ్చిన మూడు గంటలూ వెనక్కి నడిచాం.
మా అడుగుజాడలే మాకెదురొచ్చాయి,
ఏమీ తెలియని నలుగురు మొండివాళ్ళలా.
ఒక గుడిసె ముందు ముసలి కాపరి
మాతె గిన్నె ఎత్తి చూపించాడు, పొగలు కక్కుతూ.
బయటివాళ్ళ సాయం నిషేధం, అది కూడా గుర్తొచ్చింది.
రొసామెల్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.
ముసలాయన మా నలుగురి కోసం
తనే ఒక గుటక తాగాడు.

క్షమించమనడానికి నాలుగుసార్లు నోరు తెరిచాను.
నాలుగుసార్లూ తాడు కొంచెం బిగిసింది.

తెల్ల ఏరు చీకట్లో ముందు వినిపించింది.
తలదీపం వెలుగులో చేయి ముంచాను.
మణికట్టు దాకా మాయమైంది.
అప్పుడొచ్చింది ఏడుపు.

ఆరో రోజు మధ్యాహ్నం, ముగింపు గీత దగ్గర
ఎవరూ లేరు దాదాపు.
గాలి తోరణంలో గాలి తీసేస్తున్నారు,
మేం రావడం చూసి మళ్ళీ కొంచెం ఊదారు.
పదిహేడు, అని రాసుకున్న కుర్రాడు
వేడి సూపు ఇచ్చి
అయిపోయింది, ఇక మీ ఇష్టం, అన్నాడు.

యెర్కో మరుగుదొడ్డికి వెళ్ళాడు.
సూపు గిన్నెలు పట్టుకుని మేం ముగ్గురం
లేచి, అతని వెనకే వెళ్ళి,
తలుపు బయట నిలబడ్డాం, వానలో.